గైడ్ గారి తల్లి

టిఫిన్లు ముగించుకుని అందరూ బస్సెక్కేశారు. నీళ్ళ సీసాలు చేతికి అందేచోట పెట్టుకుని, కిటికీ తెరలు జరుపుకుని స్థిమితపడ్డారు. డ్రైవరు ఇంజను కూడా స్టార్ట్ చేశాడు. ఒక్క సీటు మాత్రం ఖాళీ. నిన్నా అదే సీటు, మొన్నా అదే సీటు. ఆ సీటు తాలూకు మనిషి హోటలు హాల్లో, పెద్ద పూలకుండీ చాటున సోఫాలో కూర్చుని, వేసుకున్న ముడి విప్పి మళ్ళీ వేసుకుంటోంది.

"పదవే, అందరూ ఎక్కేశారు," అన్నాడు భర్త, చేతిలో టోపీ నలుపుకుంటూ.

"మీరు పోయి కూర్చోండి. నాకు పిన్ను కనబడట్లేదు."

"నోట్లోనే ఉంది."

ఆవిడ పిన్ను నోట్లోంచి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది కాదు, ఇంకోటి," అంది.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మాటలు తక్కువ. కాపురం మొదలైన దగ్గర్నించీ ఆవిడతో వాదించి గెలిచిన దాఖలా ఒక్కటీ లేదు కాబట్టి, టోపీ తలమీద పెట్టుకుని బస్సు వైపు నడిచాడు.

వాళ్ళ వీధిలో ఆవిణ్ణి అందరూ టైలరమ్మ అంటారు. జాకెట్లు కుట్టడంలో అందె వేసిన చెయ్యి. చెప్పిన రోజుకి జాకెట్టు ఇవ్వకపోవడమన్నది ఆవిడ జన్మలో లేదు. జ్వరం వచ్చినా, కరెంటు పోయినా, చుట్టాలొచ్చి ఇంటినిండా కూర్చున్నా, గురువారమంటే గురువారమే. అలాంటి మనిషి విహారయాత్రకని ఈ పరదేశపు దీవిలో కాలు పెట్టిన దగ్గర్నించీ ప్రతిచోటా ఆలస్యమే. ఏ గుళ్ళోకైనా అందరికంటే ముందు వెళ్ళడం, అందరికంటే ఆఖర్న రావడం. ఆవిడ కోసం కాచుకుని కూర్చోవడమే బస్సులో అందరికీ పనైపోయింది.

చివరికి గైడే హాల్లోకి వచ్చింది. నీలం చొక్కా, మెడలో కంపెనీ కార్డు, చేతిలో చిన్న జెండా. పూలకుండీ పక్కన నిలబడి, "మేడమ్, బయల్దేరదామా?" అంది నవ్వుతూ.

"వస్తున్నానండీ గైడ్ గారూ. మీలా పరిగెత్తే వయసా మాది," అంది టైలరమ్మ.

గైడ్ మొహంలో నవ్వు అలాగే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చిన్నప్పటి నుంచీ అంతే, ఆ పిల్లకి కోపమొస్తే ముందు చెవులకి తెలుస్తుంది. ఆ సంగతి టైలరమ్మకి తెలియకేం, కన్నతల్లి కదా.

అవును, గైడ్ ఆవిడ కూతురే. ఒక్కగానొక్క కూతురు. ఆ సంగతి బస్సులో ఆ ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. విమానం దిగిన రోజే అమ్మాయి వాళ్ళిద్దర్నీ పక్కకి పిలిచి చెప్పుకుంది. "బస్సులో నన్ను గైడ్ అనే పిలవండి. నేనూ మేడమ్, సార్ అంటాను. సొంతవాళ్ళని ఒకలా, మమ్మల్ని ఒకలా చూస్తోందని ఎవరైనా అనుకున్నారంటే నాకు మాటొస్తుంది." మెకానిక్ సరేనన్నాడు. టైలరమ్మ మాత్రం, నా పొట్టలోంచి వచ్చిన పిల్లని నేను గారూ అనాలా అని ఆ రోజంతా మూతి ముడుచుకుంది.

కానీ అసలు సంగతి అది కూడా కాదు. కిందటేడు దాకా ఆ పిల్ల తల్లి పక్కనే కొట్లో కూర్చుని జాకెట్లకి హుక్కులు కుట్టేది. ఒకరోజు హఠాత్తుగా, తెలుగువాళ్ళకి ఈ దీవి చూపించే కంపెనీలో ఉద్యోగం వచ్చిందని పెట్టె సర్దుకుంది. ఏడాదంతా పరీక్షలాంటిదే. "ఈ ట్రిప్పు పూర్తిగా నా చేతికిచ్చి చూస్తున్నారమ్మా," అని మొన్నామధ్య ఫోన్లో సంబరంగా చెప్పింది. "ఆఖరి రోజు మా ఆఫీసాయన ఫోన్ చేసి, గైడ్ ఎలా ఉందని ఒక్కొక్కళ్ళనీ అడుగుతాడు. బాగుందంటే ఉద్యోగం ఖాయం. బాగాలేదంటే ఇంటికే."

ఇంటికే. ఆ ఒక్క ముక్కే టైలరమ్మ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఆ సాయంత్రమే, "మనమూ ఆ బస్సులోనే వెళ్దామండీ. దీవీ చూసినట్టుంటుంది, పిల్లనీ చూసినట్టుంటుంది," అంది భర్తతో. ఆయన మురిసిపోయాడు పాపం.

కూతురి ఉద్యోగం ఊడగొట్టడానికి ప్రయాణం కట్టిన తల్లిని ఎక్కడైనా చూశామా అని మీరనొచ్చు. ఆవిడ లెక్క ఆవిడకుంది. ఆడపిల్ల, ఊరు కాని ఊరు, వేళకి తిండి లేదు, ముక్కూ మొహం తెలియనివాళ్ళ సామాన్లు మొయ్యడం, వాళ్ళు విసుక్కుంటే నవ్వడం. ఇదీ ఒక ఉద్యోగమేనా? పిల్ల బాగు కోసమే చేస్తున్నానని ఆవిడ గట్టిగా నమ్మింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆ పొద్దున ఒక కొండ మీది గుడికి వెళ్ళారు. మెట్లకి రెండువైపులా చెట్లు, నాచు పట్టిన రాతి ద్వారపాలకులు, లోపల చల్లటి చీకటి. అందరూ ఫొటోలు తీసుకుని దిగొచ్చాక కూడా టైలరమ్మ గుడి వెనకాల ఒక రాయి మీద కూర్చుని చెప్పుల్లోంచి లేని ఇసుక దులుపుకుంది. బస్సెక్కాక ఏసీ ఎక్కువైందంది. తగ్గిస్తే ఉక్కపోస్తోందంది. ముందు సీట్లో ఇద్దరు పిల్లలతో వచ్చిన బ్యాంకు మేనేజరుకి ఇదంతా చూసి తిక్క రేగింది.

"గైడ్ గారూ, ఈవిడ ఒక్కరేనా డబ్బులిచ్చి వచ్చింది? మేం ఊరికే రాలేదు."

"సారీ సార్. ఇకమీదట చూసుకుంటాను," అంది గైడ్.

మెకానిక్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. భార్యకి నడుం పట్టేసిందేమో, దాచుకుంటోందేమో అని ఆయన బెంగ.

పక్క వరసలో ఒక రిటైరైన హెడ్మాస్టరమ్మ కూర్చుంది. ఒంటరిగా వచ్చింది. మోకాళ్ళు అరిగి చేతికర్రతో నడిచేది, అయినా ప్రతిచోటా అందరికంటే ముందే బస్సుకి చేరేది. ఆవిడ టైలరమ్మ వైపు వంగి మెల్లగా అంది. "ఎవరేమన్నా పట్టించుకోకమ్మా. ఒంట్లో బాగాలేనివాళ్ళ సంగతి వీళ్ళకేం తెలుస్తుంది."

"మీరొక్కరే వచ్చారేం టీచరుగారూ?" అంది టైలరమ్మ మాట మార్చి.

"ఇద్దరం రావలసింది. మా వంటింట్లో గోడకి ఒక క్యాలెండరు బొమ్మ ఉండేది. సముద్రంలో రాయి మీద గుడి. ఏడాది అయిపోయినా మా ఆయన దాన్ని తియ్యనిచ్చేవారు కాదు. రిటైరయ్యాక వెళ్దాం, రిటైరయ్యాక వెళ్దాం అనేవారు. ఇద్దరం రిటైరయ్యాం. అంతలో ఆయన..." ఆవిడ చేతికర్ర పిడి తుడిచింది. "మిగతావి ఎలా ఉన్నా పరవాలేదమ్మా. ఆ ఒక్కదాని గడప తొక్కి వస్తే చాలు నాకు."

సరిగ్గా అప్పుడే గైడ్ మైకులో ఏదో చెబుతోంది. టైలరమ్మ తల పైకెత్తి ఏసీ గాలి మూత ఇటు తిప్పి, అటు తిప్పి, టకటకలాడించింది. వచ్చిన దగ్గర్నించీ కూతురు మైకులో చెప్పిన మాట ఒక్కటి కూడా ఆవిడ చెవిన పెట్టలేదు. వింటే ఎక్కడ మనసు మెత్తబడుతుందోనని భయం.

మధ్యాహ్నం బట్టల బజారు దగ్గర ఆపారు. టైలరమ్మ సందులో సందు పట్టుకుని, చివరాఖరి కొట్లో దూరి, ఫోన్ ఆపేసింది. కాసేపు కూర్చుని వచ్చేద్దామనే అనుకుంది. కానీ ఆవిడ బలహీనత బట్ట. నీటి రంగు తానొకటి విప్పి చూపించారు. వేళ్ళ మధ్య నలిపి చూసింది, వెలుతురుకి పట్టి చూసింది, దీనికి లైనింగు ఏది వేస్తే ఒప్పుతుందా అని ఆలోచించింది. ఇంకోటి విప్పమంది. కొట్టావిడకి తెలుగు రాదు, ఈవిడకి ఆ భాష రాదు, అయినా ఇద్దరూ చేతుల కొలతలు, చంకల కొలతలు బ్రహ్మాండంగా మాట్లాడేసుకున్నారు.

తలెత్తేసరికి గుమ్మంలో కూతురు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. ఊపిరి అందడం లేదు. చెవులు మాత్రం ఎర్రగా లేవు, తెల్లగా పాలిపోయాయి.

"రండి మేడమ్," అంది.

దారంతా వెనక్కి తిరిగి చూడలేదు.

బస్సు సముద్రం దగ్గర ఆగేసరికి పొద్దు వాలుతోంది. ఒడ్డుకి కొంచెం దూరంలో నల్లటి రాయి మీద గుడి. ఒడ్డు నుంచి అక్కడికి రాళ్ళు పరిచిన దారి ఉంది. దారి ఉండాలి. ఇప్పుడు దాని మీద అల మీద అల వచ్చి పడుతోంది. ఒడ్డున కాపలావాడు తాడు కట్టేసి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడే దారి తేలుతుందండీ," అంది గైడ్ అందరి వైపూ తిరిగి. "మనం వచ్చేసరికి ఆలస్యమైపోయింది."

"ఆలస్యమైపోయిందా? ఎవరివల్ల ఆలస్యమైంది?" బ్యాంకు మేనేజరు పిల్ల చెయ్యి వదిలేసి ముందుకొచ్చాడు. "పొద్దుట నుంచీ మొత్తుకుంటున్నాను. ఒక్క మనిషిని అదుపులో పెట్టడం చేతకాదు, నువ్వు గైడ్‌వా? పదిమందిని ఎండలో నిలబెట్టి ఒకళ్ళ మొహం చూస్తూ కూర్చోమని, ఇంట్లో పెద్దవాళ్ళు ఇదేనా నీకు నేర్పింది?"

టైలరమ్మ కూతురి వెనకాలే నిలబడి ఉంది. చెంప పగిలినట్టయింది.

"తప్పు నాదేనండీ," అంది గైడ్. "బజార్లో ఎంతసేపు ఉండొచ్చో నేను అందరికీ సరిగ్గా చెప్పలేదు. క్షమించండి."

"మీరు చెప్పారు, మేం విన్నాం. ఆవిడ తప్పు మీ నెత్తినెందుకేసుకుంటారు?" అన్నారు ఇంకెవరో.

"లేదండీ. మేడమ్ గారిది తప్పు కాదు."

హెడ్మాస్టరమ్మ ఈ గొడవలో కలగజేసుకోలేదు. తాడు దాకా వెళ్ళి, కర్ర ఇసుకలో గుచ్చి, గుడివైపు చూస్తూ నిలబడింది. కొంతసేపటికి, "రేపు వీలవుతుందా అమ్మా?" అని అడిగింది.

"రేపు మధ్యాహ్నం విమానమండీ. పొద్దున ఆఫీసువాళ్ళు వేసిన మ్యూజియం..." అంది గైడ్.

"పోనీలే. ఇక్కణ్ణించి కనబడుతూనే ఉందిగా," అందావిడ. అని, పక్కకి తిరిగి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

ఆ క్యాలెండరు బొమ్మ ఈ గుడిదేనని టైలరమ్మకి అప్పుడు తెలిసింది. ఆ ముసలావిణ్ణి పలకరించడానికి ఆవిడకి మొహం చెల్లలేదు. బస్సులో భర్త పక్కన కుక్కిన పేనులా కూర్చుంది. ఏసీ ఎంత ఉందో కూడా తెలియలేదు.

గది చేరి దీపం వేశారో లేదో, కూతురు తలుపు కొట్టి లోపలికి వచ్చింది. మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకుంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఎందుకు చేస్తున్నావమ్మా ఇలా?"

"ఏం చేశానే? బట్టలు చూస్తూ టైము చూసుకోలేదు."

"నువ్వా? టైము చూసుకోలేదా? నాకు చెప్పకు ఆ మాట. హుక్కులు కుట్టడం అవలేదని నన్ను పరీక్షల ముందురోజు కూడా లేపి కూర్చోబెట్టావు నువ్వు. గుళ్ళో చూశాను, చెప్పులు దులుపుకుంటూ ఓరకంట బస్సు వైపు చూస్తున్నావు. మొదటిరోజే అనుమానమొచ్చింది. మా అమ్మ అలాంటిది కాదని నాకు నేనే చెప్పుకున్నాను."

టైలరమ్మ దుప్పటి అంచు పట్టుకుని మడత పెట్టింది, విప్పింది. ఇక దాచడం చేతకాలేదు.

"అవునే, కావాలనే చేశా. వాళ్ళు నిన్ను వద్దంటే ఇంటికొస్తావనే చేశా. నీ బాగు కోసమే చేశా. ఎవడెవడో నోటికొచ్చినట్టు అంటుంటే నువ్వు క్షమించండి, క్షమించండి అనడమేనా బతుకు? సుఖంగా ఇంటిపట్టున ఉండేదానివి..."

"వాళ్ళ చేత అనిపించింది ఎవరు?" కూతురి గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "ఆయన, ఇంట్లో పెద్దవాళ్ళు ఏం నేర్పారన్నప్పుడు నువ్వు నా వెనకాలే ఉన్నావు. నీ ఊపిరి నా మెడకి తగులుతోంది. నేర్పినదాన్ని నేనే, తప్పు నాది అని ఒక్క మాట అంటావేమోనని చూశాను. అనలేదు నువ్వు. పరాయిదానిలా నిలబడ్డావు."

మెకానిక్ మంచం మీంచి లేచాడు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "నీ నడుం నొప్పి అనుకున్నాను కదే," అన్నాడు భార్యతో. ఆయన అంత నొచ్చుకుని మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదు. అప్పుడు ఏడుపొచ్చింది టైలరమ్మకి. మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

కూతురు ఓదార్చలేదు. ఓదార్చే ఓపిక ఆ పిల్లకి లేదు.

"చూడమ్మలూ," అన్నాడు మెకానిక్ చివరికి. "లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే, ముందు మనిషిని బయటికి తీస్తాం. ఎవడు పాడుచేశాడన్నది తర్వాత. మీ ఇద్దరి సంగతి తర్వాత చూసుకుందాం. ఆ టీచరుగారికి ఆ గుడి చూపించే దారేమన్నా ఉందా?"

అమ్మాయి గోడకి ఆనుకుంది. "తెల్లవారుజామున నీళ్ళు మళ్ళీ తగ్గుతాయి. చీకటుండగానే బయల్దేరితే చూసి వచ్చేయొచ్చు. డ్రైవరు వస్తాడు, నేనడిగితే కాదనడు. కానీ మ్యూజియం మానేయాలి. అందరూ ఒప్పుకోవాలి. ఒక్కళ్ళు కాదన్నా ఆఫీసువాళ్ళు నన్ను బతకనివ్వరు. ఆ బ్యాంకాయన ఛస్తే ఒప్పుకోడు."

"నేనడుగుతాను," అంది కొంగులోంచి టైలరమ్మ.

"నువ్వా?"

"పాడుచేసినదాన్ని నేను. వెళ్ళి అడగాల్సిందీ నేనే."

కళ్ళు తుడుచుకుని బయల్దేరింది. ఒక్కో తలుపూ కొట్టి, ఒకే మాట చెప్పింది. గైడ్ నా కూతురు, ఆలస్యాలన్నీ నేను కావాలని చేసినవి, పిల్ల తప్పేమీ లేదు, టీచరుగారి కోసం రేపు చీకటితో లేవండి. కొందరు నోరు తెరిచారు. ఒకావిడ "అయ్యో, ఎలా చేశావమ్మా" అని మొహం మీదే అంది. ఎవరన్నదానికీ టైలరమ్మ ఎదురు చెప్పలేదు. తనకి తగిన మాటలే అవి అని తీసుకుంది.

బ్యాంకు మేనేజరు లుంగీలో తలుపు తీశాడు. అంతా విని, "తల్లా మీరు?" అన్నాడు. "తల్లయ్యుండి అలా నిలబడి చూశారా?"

"చూశానండీ."

"నేనన్న మాట మిమ్మల్నే అన్నట్టయిందన్నమాట."

"నన్నే అనాలి. సరిగ్గా తగిలింది."

ఆయనకి ఏం చెయ్యాలో తెలియక లుంగీ ఎగ్గట్టుకున్నాడు. లోపల్నుంచి భార్య, "ఆ పిల్లని నువ్వు కూడా నానా మాటలన్నావు, ఇప్పుడు బెట్టు చెయ్యకు, వెళ్దాం," అంది. "సరే, వస్తాం," అన్నాడాయన. "కానీ మా పిల్లల్ని ఆ వేళకి లేపడం నావల్ల కాదు. మీరే వచ్చి లేపాలి."

లేపింది. ఇద్దరికీ మొహాలు కడిగి, చిన్నవాణ్ణి చంకనేసుకుని, అందరికంటే ముందు బస్సు దగ్గర నిలబడింది.

వాళ్ళు చేరేసరికి ఇంకా మసక చీకటే. సముద్రం బాగా వెనక్కి జరిగి, రాళ్ళ దారి తడితడిగా మెరుస్తోంది. గైడ్ టార్చి పట్టుకుని ముందు నడిచింది. హెడ్మాస్టరమ్మకి ఒకవైపు కర్ర, ఇంకోవైపు టైలరమ్మ భుజం. పెద్దావిడ నిన్నటి సంగతి ఎత్తలేదు. నాచు ఉన్నచోట మాత్రం, "ఇక్కడ గట్టిగా పట్టుకో," అంది.

గుడి చిన్నది. నలుగురు నిలబడితే నిండిపోయే గర్భగుడి, చుట్టూ ఉప్పుగాలికి అరిగిన రాతిగోడలు. హెడ్మాస్టరమ్మ గడప మీద చెయ్యి వేసి, పెదవులు కదుపుతూ, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు చాలాసేపు ఉండిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. బ్యాంకు మేనేజరు పిల్లల్ని అల్లరి చెయ్యనివ్వకుండా పట్టుకున్నాడు.

తర్వాత గైడ్ చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడ మైకు లేదు, అలల చప్పుడు మీంచి గొంతు ఎత్తి చెప్పాలి. మొదటిసారి టైలరమ్మ కూతురు చెప్పేది విన్నది.

"ఈ గుడి కట్టినవాళ్ళకి రోజంతా పని ఉండేది కాదంటారండీ. సముద్రం ఎంతసేపు దారిస్తే అంతసేపే పని. నీళ్ళు వస్తుంటే ఉలి సంచిలో వేసుకుని ఒడ్డుకి పరుగు. మళ్ళీ తగ్గేదాకా కూర్చోవడం. అలా మొదలుపెట్టినవాళ్ళు పూర్తవడం చూడలేదట, వాళ్ళ పిల్లలు చూశారట. ఇప్పుడు ఈ గోడ మీద మీ వేలు పెట్టి ఇలా జరపండి. రెండు రాళ్ళు అతికిన చోటు దొరికిందా? దొరకదు. మా అమ్మ టైలరండీ. ఆవిడ జాకెట్టు తిరగేసి చూసినా ఇంతే, కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి. బాగా పనిచేసినవాళ్ళ పని ఎక్కడున్నా ఒకేలా ఉంటుంది."

అందరూ టైలరమ్మ వైపు తిరిగారు. బ్యాంకు మేనేజరు నవ్వాడు. "అమ్మగారు పక్కనున్నారని చెబుతున్నారా?"

"లేదండీ," అంది గైడ్ మామూలుగా. "ఇక్కడికి వచ్చిన ప్రతి గ్రూపుకీ ఇదే చెబుతాను."

టైలరమ్మ గోడవైపు తిరిగిపోయింది. పిల్ల ఇంత బాగా మాట్లాడుతుందని ఆవిడకి తెలియక కాదు. కొట్లో ఆ పిల్ల కబుర్లు వినడానికే జనం జాకెట్టు తీసుకున్నాక కూడా కూర్చునేవాళ్ళు. ఆ కబుర్లే ఇప్పుడు ఇక్కడ ఇంతమంది నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. తను మాత్రం ఇన్నిరోజులూ ఏసీ మూత తిప్పుకుంటూ కూర్చుంది. రాతి మీద వేలు పెట్టి అతుకు కోసం వెతుకుతున్నట్టు నటిస్తూ ఆవిడ కళ్ళనీళ్ళు కార్చింది.

విమానాశ్రయానికి వెళుతుంటే బస్సులో ఆఫీసాయన ఫోన్ వచ్చింది. ఫోన్ ముందు సీటు నుంచి చేతులు మారుతూ వెనక్కి నడిచింది. బ్యాంకు మేనేజరు, "బంగారంలాంటి పిల్లండీ, మాదే తొందరపాటు," అన్నాడు. హెడ్మాస్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. టైలరమ్మ వంతు వచ్చింది. అవతల ఆయన, "గైడ్ ఎలా ఉందమ్మా?" అని అడిగాడు. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న కోసమే కదా ఆవిడ ఎదురుచూసింది.

"నేను ఆ అమ్మాయి తల్లినండీ," అంది. "బస్సు ఆలస్యమైన ప్రతిసారీ కారణం నేను. ఈ ఉద్యోగం పోవాలని చేశాను. కాబట్టి నా మాట లెక్కలోకి తీసుకోకండి, మిగతావాళ్ళు ఏమంటే అదే." ఫోన్ భర్త చేతిలో పెట్టేసింది. ఆయన, "బాగుందండీ," అని ఒక్క ముక్క అని ఇచ్చేశాడు.

సామాన్లు దింపుకుని అందరూ లోపలికి వెళ్ళిపోయారు. హెడ్మాస్టరమ్మ వెళుతూ గైడ్ తలమీద చెయ్యి పెట్టి వెళ్ళింది. మెకానిక్ పెట్టెల దగ్గర ఆగి, కావాలనే అటు తిరిగి నిలబడ్డాడు. తల్లీకూతుళ్ళిద్దరూ గాజు తలుపుల పక్కన మిగిలారు.

"ఖాయం చేశారు," అంది అమ్మాయి. "చెప్పకుండా ప్రోగ్రాం మార్చినందుకు బాగా తిట్టి, అప్పుడు చెప్పారు. సాయంత్రమే ఇంకో గ్రూపు వస్తోంది."

"మంచిది," అంది టైలరమ్మ. ఇక్కడితో ఆగితే ఇక ఎప్పటికీ అనలేనని తెలిసి అనేసింది. "నీకేదో అవుతుందన్నది కాదే నా భయం. అది పైకి చెప్పుకున్న మాట. నువ్వు లేని కొట్లో కూర్చోలేకపోతున్నాను. మీ నాన్న సంగతి తెలుసుగా, పొద్దుట ఒక మాట, రాత్రి ఒక మాట. రోజంతా మిషను చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. నువ్వు వెళ్ళాక నాకు మాట్లాడే మనిషే లేదు."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు? ఒక్కసారన్నా ఫోన్లో అన్నావా?"

"అంటే నువ్వు వచ్చేస్తావు." టైలరమ్మ తలెత్తలేదు. "నా మొహం చూసి వచ్చేస్తావు. అమ్మ వల్ల వదులుకున్నానని జన్మంతా నీకుంటుంది, నాకూ ఉంటుంది. అదే వాళ్ళు పంపించేస్తే, తప్పు వాళ్ళది, నాకేం సంబంధం లేదు. నువ్వు నా దగ్గరే ఉంటావు, నా మీద కోపమూ ఉండదు. అలా అనుకున్నానే. తల్లిని కాబట్టి చేశానని చెప్పుకున్నాను గానీ, ఒంటరిదాన్నై చేశాను."

అమ్మాయికి కళ్ళనిండా నీళ్ళు. చొక్కా చేతితో తుడుచుకుంది. దగ్గరికి మాత్రం రాలేదు.

"నాకింకా కోపం పోలేదమ్మా."

"పోనక్కర్లేదు."

"ఇప్పట్లో పోదు. ఆ సముద్రం దగ్గర నువ్వు మాట్లాడకుండా నిలబడింది నాకు చాలారోజులు గుర్తుంటుంది."

"ఉండనీ. మనసులో పెట్టుకోకు, తిట్టు. ఫోన్ చేసి తిట్టు." టైలరమ్మ అప్పుడు తలెత్తి చూసింది. "తిట్టడానికైనా సరే, రోజూ చెయ్యవే."

అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. నవ్వు ఆగకముందే తల్లి భుజం మీద మొహం పెట్టేసింది. టైలరమ్మ ఆ వీపు నిమురుతూ ఉండిపోయింది. లోపల విమానం పిలుపు వినబడుతూనే ఉంది. మెకానిక్ పెట్టెలు రెండూ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు గానీ, భార్యని పిలవలేదు.